జోనంగి జాగిలం

కొండ మీద ఊరు. ఊరి పక్కన పోడు చేను. చేలో జొన్న కంకి వేసింది. చేను మధ్యలో మంచె. మంచె మీద కాపలా మనిషి. మంచె కింద కుక్క.

రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో ఇది అందరూ ఎరిగిన సంగతే. కొండరెడ్ల ఊళ్ళోనైనా, కోయదొరల ఊళ్ళోనైనా కుక్క ఉంటుంది. వేటకు పిలుచుకుపోయేది మగవాళ్ళు. గంజి పోసి పెంచేది ఆడవాళ్ళు.

"మీ కుక్క ఏ జాతిది?" అని అడిగి చూడండి. "ఏ జాతి ఏముందమ్మా, ఊరకుక్క" అంటారు.

ఆ మాటలో కొంచెం చులకన ఉంది. పట్నంలో కొందరు వేలకు వేలు పోసి విదేశీ కుక్కను కొంటారు. దానికి జాతి ఉంది, పేరు ఉంది అని గొప్పగా చెబుతారు. మరి మన నేల మీద పుట్టిన కుక్కకు పేరు లేదా?

ఉంది. తెలుగు నేలకు సొంత వేటకుక్క ఒకటి ఉంది. దాని పేరు జోనంగి. జోనంగి జాగిలం అని కూడా అంటారు. జాగిలం అంటే వేటకుక్క. "పోలీసు జాగిలాలు వచ్చాయి" అని పేపర్లో చదువుతుంటాం గదా, ఆ మాటే ఇది.

జోనంగి ఎక్కడిది?

రంపచోడవరం నుంచి గోకవరం మీదుగా బస్సు దిగితే రాజమండ్రి వస్తుంది. అక్కడితో కొండలు అయిపోతాయి. ఇంకా కిందికి పోతే అంతా వరి పొలాలు, కాలవలు. గోదావరికీ కృష్ణకూ మధ్య ఒక పెద్ద మంచినీటి సరస్సు ఉంది. అదే కొల్లేరు. ఏలూరు ఊరికి దగ్గర.

ఆ కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళే ఇప్పుడు జోనంగికి ముఖ్యమైన చోటు. వెనకటికి తూర్పు సముద్ర తీరం వెంట ఇంకా చాలా చోట్ల ఇది ఉండేది.

చూడటానికి ఎట్లా ఉంటుంది?

జోనంగి మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. మనిషి మోకాలి ఎత్తుకు అటూ ఇటూ ఉంటుంది. ఒళ్ళు సన్నగా, గట్టిగా ఉంటుంది. కొవ్వు పట్టదు.

దాని వెంట్రుకలు చాలా పొట్టివి. ఒంటికి అతుక్కుపోయినట్టు ఉంటాయి. దూరం నుంచి చూస్తే వెంట్రుకలే లేవేమో అనిపిస్తుంది. నుదుటి మీద ముడతలు ఉంటాయి. ఏదో ఆలోచిస్తున్న మనిషిలాగా కనిపిస్తుంది. చెవులు లేచి ఉంటాయి, కొసలు మాత్రం కొంచెం వంగుతాయి. తోక పైకి తిరిగి చుట్టుకుంటుంది. రంగు ఒకటే కాదు. గోధుమరంగువి, తెల్లవి, నల్లవి, మచ్చలవి కూడా ఉంటాయి.

పొట్టి వెంట్రుకల వల్ల లాభం ఉంది. కుక్కకు మనిషికి పట్టినట్టు ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రం కాస్త పడుతుంది. అందుకే ఎండకు నాలుక బయటపెట్టి వగరుస్తుంది. ఒంట్లోని వేడి అట్లా బయటకు పోవాలి. చలి దేశాల కుక్కకు దట్టమైన బొచ్చు ఉంటుంది. మన వేసవిలో ఆ కుక్క అల్లాడిపోతుంది. జోనంగికి ఆ బాధ తక్కువ.

దాని గుణాలు

జోనంగి గుణాల్లో మూడు చెప్పుకోదగ్గవి.

మొదటిది, గొంతు. ఇది మామూలు కుక్కలాగా భౌభౌమని మొరగదు. గొంతు ఎత్తి, దించి, సాగదీసి రాగంలాగా అరుస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు "ఇది కుక్క అరుపేనా?" అని ఆశ్చర్యపోతారు.

రెండోది, గుంత. ఇది కాళ్ళతో నేలను తవ్వి గుంత చేసుకుంటుంది. అందులో ముడుచుకుని పడుకుంటుంది. పైన నేల ఎండకు కాలుతున్నా లోపలి మట్టి చల్లగా ఉంటుంది గదా.

మూడోది, నమ్మకం. ఇది ఇంట్లో ఒకరికో ఇద్దరికో బాగా అలవాటు పడుతుంది. వాళ్ళ మాటే వింటుంది. కొత్తవాళ్ళను అంత తొందరగా దగ్గరికి రానివ్వదు. అందుకే దీన్ని చేతులు మార్చడం కష్టం.

వేటకుక్క బాతుల కాపరి అయింది

జోనంగి మొదట వేటకుక్క. చురుగ్గా పరుగెత్తుతుంది. తోటి కుక్కలతో కలిసి చిన్న జంతువులను తరిమి పట్టేది. తరవాత దానికి ఇంకో పని వచ్చింది. అదే బాతుల కాపలా.

వరి కోతలు అయ్యాక పొలంలో గింజలు రాలి ఉంటాయి. నత్తలు, పురుగులు ఉంటాయి. బాతులవాళ్ళు వందల బాతులను పొలం నుంచి పొలానికి తోలుకుపోతారు. బాతులు రాలిన గింజలూ, నత్తలూ తిని గుడ్లు పెడతాయి. వాళ్ళ బతుకు ఆ గుడ్ల మీదే.

ఇన్ని బాతులను ఒకరిద్దరు మనుషులు తోలడం కష్టం. ఒకటి కాలవలోకి, ఒకటి గట్టు మీదికి పోతుంది. అప్పుడు కుక్క కావాలి. చెదిరిన బాతులను మందలోకి తేవాలి. రాత్రి నక్క రాకుండా చూడాలి. కానీ బాతును కరవకూడదు.

వేటకుక్క ఎదురుగా వందల బాతులు తిరుగుతుంటే, కరవకుండా కాపలా కాయడం చిన్న సంగతి కాదు. చిన్నప్పటి నుంచి మనిషి దగ్గరుండి నేర్పితేనే అది వస్తుంది. తరిమే గుణాన్ని తోలే గుణంగా మార్చుకుంది జోనంగి.

పని పోతే ఏమైంది?

1980 తరవాత కొల్లేరు ప్రాంతం బాగా మారింది. వరి పొలాలు చేపల చెరువులు అయ్యాయి. తరవాత రొయ్యల చెరువులూ వచ్చాయి. పొలం లేకపోతే రాలిన గింజ లేదు. గింజ లేకపోతే బాతుల మంద లేదు. మంద లేకపోతే కుక్కకు పని లేదు.

పని లేని కుక్కకు గంజి పోసేవాళ్ళు తగ్గారు. కుక్కలు వీధిన పడ్డాయి. వేరే ఊరకుక్కలతో కలిసిపోయాయి. అట్లా కలిసి పుట్టిన పిల్లల్లో జోనంగి గుణాలు పలచబడతాయి. ఇవాళ అసలైన జోనంగి కనపడటం అరుదైపోయింది. కొద్దిమంది మాత్రం పట్టుదలగా ఈ జాతిని పెంచుతున్నారు.

ఇందులో తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. కుక్క జాతిని ఎవరూ చంపనక్కరలేదు. దాని పని పోతే చాలు, జాతి దానంతట అదే పోతుంది.

నేలను బట్టి కుక్క

కుక్క జాతులు ఎట్లా పుడతాయి? దేవుడు ఒక్కో జాతిని విడిగా చేసి పంపలేదు. మనిషి ఏరుకున్నాడు. బాగా వేటాడే కుక్క పిల్లలను ఉంచుకున్నాడు. ఆ పిల్లల్లో మళ్ళీ మంచివాటిని ఉంచుకున్నాడు. రైతు మంచి కంకులను విత్తనానికి దాచుకున్నట్టే ఇది. తరాలు గడిచేసరికి ఆ నేలకు, ఆ పనికి సరిపోయే జాతి తయారైంది.

కర్ణాటకలో ముధోల్ కుక్క ఉంది. అక్కడ చెట్లు తక్కువ, బయలు ఎక్కువ. అందుకే దానికి పొడుగు కాళ్ళు, సన్నని నడుము, దూరం చూసే కళ్ళు. చూపుతో వేటాడి గాలిలాగా పరుగెత్తుతుంది. 2016లో మన సైన్యం ముధోల్ కుక్కలను తీసుకుని శిక్షణ ఇచ్చింది. తమిళనాడులో రాజపాళయం కుక్క ఉంది. తెల్లని ఒళ్ళు, పెద్ద శరీరం. 2005లో మన తపాలా శాఖ 4 దేశీ కుక్కల బొమ్మలతో స్టాంపులు వేసింది. వాటిలో ముధోల్, రాజపాళయం ఉన్నాయి. జోనంగి లేదు.

ఇప్పుడు సముద్రాలు దాటి స్పెయిన్ దేశం పోదాం. అక్కడ ఇబిజా అనే దీవి ఉంది. అంతా రాళ్ళు, ముళ్ళపొదలు. పొదల్లో కుందేళ్ళు. పొదలో దూరిన కుందేలు కంటికి కనపడదు. అందుకే అక్కడి వేటకుక్కకు పెద్ద పెద్ద చెవులు, నిటారుగా నిలబడి ఉంటాయి. పొదలో ఆకు కదిలిన చప్పుడు కూడా వింటుంది. ఆ కుక్కను పొదెంకో అంటారు. చూశారా? బయలు నేలలో కన్ను, పొదల నేలలో చెవి. నేలే కుక్కను తయారుచేస్తుంది.

అదే స్పెయిన్‌లో గాల్గో అనే ఇంకో వేటకుక్క ఉంది. సన్నగా ఉండి బాగా పరుగెత్తుతుంది. ఏటా వేట కాలం అయిపోగానే చాలామంది వేటగాళ్ళు తమ గాల్గోలను వదిలేస్తారు. వీధిన పడ్డ కుక్కలను దయగల మనుషులు చేరదీస్తారు. 2023లో ఆ దేశం జంతువుల మేలు కోసం కొత్త చట్టం చేసింది. కానీ వేటకుక్కలను ఆ చట్టంలోంచి తప్పించారు. పని ఉన్నన్నాళ్ళు ముద్దు, పని అయిపోతే వద్దు. కొల్లేరులోనూ అదే కథ, స్పెయిన్‌లోనూ అదే కథ.

మరి కొండ కుక్క సంగతి?

ఇప్పుడు మళ్ళీ కొండ ఎక్కుదాం. రంపచోడవరం కొండల్లోని కుక్కలు జోనంగి జాతివి కావు. వాటికి పుస్తకాల్లో పేరు లేదు. కానీ అవి కూడా ఈ నేల తయారుచేసిన కుక్కలే. కొండలో వెదురు డొంకలు, రాళ్ళు, వాగులు. చూపు నాలుగు బారల దూరం కూడా పారదు. ఇక్కడ ముక్కు పనిచెయ్యాలి, చెవి పనిచెయ్యాలి. గట్టి పాదం కావాలి. దొరికిన గంజితో బతకగలగాలి. మన కుక్క ఇవన్నీ చేస్తుంది.

వెనకటి రోజుల్లో వేసవిలో భూమి పండగ వస్తే మగవాళ్ళు కుక్కలతో అడవికి పోయేవారు. ఆడవాళ్ళు దారి కాసి, పాటలు పాడి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేసేవారు. వేటలో కుక్కకు కూడా పాలు ఉండేది.

కానీ కాలం మారింది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అడవి జంతువులను వేటాడటం నేరమైంది. ఉడుము, అలుగు లాంటివాటిని చంపితే 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు. జరిమానా 25 వేల రూపాయలకు తక్కువ ఉండదు. 2008లో పాపికొండల అడవిని జాతీయ పార్కు చేశారు. అక్కడ కట్టుబాట్లు ఇంకా ఎక్కువ.

"అటవీ హక్కుల చట్టం వచ్చింది గదా, వేట కూడా మన హక్కే గదా?" అని కొందరు అడుగుతారు. కాదు. 2006 నాటి ఆ చట్టం పోడు భూమి మీద హక్కు ఇచ్చింది. వెదురు, తేనె, చింతపండు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. ఈ సంగతి ఇంట్లో మగవాళ్ళకు, ఎదిగిన పిల్లలకు చెప్పాలి. కేసు పడితే జైలుకు పోయేది వాళ్ళు. ఇల్లు గడవక, కోర్టు చుట్టూ తిరగలేక అవస్థ పడేది ఆడవాళ్ళు.

అడవిలో ఇంకో కుక్క కూడా ఉంటుంది. అదే రేచుకుక్క. ఎర్రగా ఉంటుంది, మందగా తిరుగుతుంది, ఈల వేసినట్టు అరుస్తుంది. అది ఇంటి కుక్క కాదు, వేరే జంతువు. పిల్ల దొరికినా ఇంటికి తేకూడదు. దానికీ చట్టం రక్షణ ఉంది.

కుక్కకు కొత్త పని

వేట పోయింది. మరి కుక్క ఎందుకు? అని వదిలేస్తే కొల్లేరు కథే మన కొండలోనూ జరుగుతుంది. జోనంగి వేట మాని కాపలా నేర్చుకున్నట్టు, మన కుక్కకూ కాపలా పని ఉంది.

చేలోకి అడవి పందులు వస్తే ముందుగా తెలిసేది కుక్కకే. అది అరిస్తే మంచె మీది మనిషి లేచి డబ్బా కొడతాడు, మంట చూపిస్తాడు. పందిని చంపనక్కరలేదు, చేను దక్కుతుంది. కొందరు చేను చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. ఆ తీగ తగిలి మనుషులే చనిపోతున్నారు. తీగ కంటే కుక్క మేలు. ఇంటి దగ్గర మేకలకు, కోళ్ళకు కుక్కే కాపలా. రాత్రి పాము కనపడినా ముందు అరిచేది అదే.

కానీ రాత్రిపూట కుక్కను ఒంటరిగా ఊరి చివర కట్టెయ్యకూడదు. చిరుతపులి కుక్క కోసమే వస్తుంది. కట్టేసిన కుక్క పారిపోలేదు. దాన్ని ఇంటి అరుగు దగ్గరే ఉంచాలి.

కుక్క ఈనడానికి సుమారు 63 రోజులు పడుతుంది. 10 నుంచి 14 రోజులకు పిల్లలు కళ్ళు తెరుస్తాయి. 8 వారాలు నిండకముందే పిల్లను తల్లి నుంచి తియ్యకూడదు. అప్పటిదాకా తల్లి పాలు, తోడబుట్టిన పిల్లలతో ఆట కావాలి. ఆ ఆటలోనే ఎంత గట్టిగా కరవకూడదో పిల్ల నేర్చుకుంటుంది.

కుక్కకు టీకా, మనిషికి ప్రాణం

కుక్కను పెంచితే ఒక బాధ్యత ఉంది. అది పిచ్చికుక్క వ్యాధి సంగతి. దీన్నే రేబిస్ అంటారు. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. కానీ జబ్బు రాకుండా ఆపడం మన చేతిలో ఉంది.

కుక్కపిల్లకు 3 నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. తరవాత పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఊళ్ళో మహిళా సంఘం అంతా కలిసి అడిగితే ఒకే రోజు ఊరి కుక్కలన్నిటికీ వేయించవచ్చు. ఊరి కుక్కకు జబ్బు లేకపోతే దాని నుంచి అడవిలోని రేచుకుక్కకూ అంటదు.

ఎవరినైనా కుక్క కరిస్తే ఏం చెయ్యాలి?

వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ఇది అన్నిటికంటే ముందు.

గాయం మీద పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు.

ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. టీకా అక్కడ ఉచితం. కాటుకు చర్మం తెగి రక్తం వస్తే, గాయం చిన్నదైనా, గాయంలోనే వేసే ఇంకో మందు కూడా ఉంటుంది. దాని సంగతి అడగాలి.

మన కుక్కే గదా, చిన్న గీరే గదా అని ఊరుకోకూడదు. గోరు గీసుకుని రక్తం వచ్చినా, పుండు మీద కుక్క నాకినా ఆసుపత్రికి పోవాలి. పిల్లలు దెబ్బలు తింటామని భయపడి కాటు సంగతి దాస్తారు. "చెబితే కొట్టను" అని వాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి.

కరిచిన కుక్కను తొందరపడి చంపకూడదు. మన కుక్కయితే కట్టేసి 10 రోజులు చూడాలి. కానీ ఆ 10 రోజులు అయ్యాక టీకా వేయించుకుందాంలే అని ఆగకూడదు. టీకా మొదటి రోజే మొదలుపెట్టాలి.

"బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారట" అని ఇప్పటికీ కొందరు భయపడతారు. అది పాత మందు. అది ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సూది చేతికే వేస్తారు.

చర్మంలోకి వేసే పద్ధతిలో టీకాకు నాలుగుసార్లు పోవాలి. మొదటి రోజు ఒకసారి. దానికి 3 రోజుల తరవాత, 7 రోజుల తరవాత, 28 రోజుల తరవాత. జూన్ 1న మొదటి సూది వేశారనుకోండి. తరవాతవి జూన్ 4, జూన్ 8, జూన్ 29. కండకు వేసే పద్ధతిలో లెక్క వేరుగా ఉంటుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కార్డులో తేదీలు రాసి ఉంటాయి. ఆ కార్డులో ఉన్నదే లెక్క.

ఒకప్పుడు ఆ కార్డును చూరులో దోపి మరిచిపోయేవాళ్ళు. గాయం మానింది గదా అని చివరి సూదులకు పోయేవాళ్ళు కాదు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. కార్డు తియ్యండి. తేదీ చదవండి. క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టండి. ఒక్క సూది కూడా తప్పించకండి. ఆ అక్షరాలు బిడ్డ ప్రాణం కాపాడతాయి.

జోనంగికి పేరు ఉంది, మనిషి చెయ్యి వదిలేసరికి కనపడకుండా పోతోంది. కొండ కుక్కకు పేరు లేదు, కానీ ఇంకా మన మంచె కింద ఉంది. దానికి కాస్త గంజి, ఏడాదికొక టీకా, చెయ్యడానికొక పని. ఇంతకంటే అది ఏమీ అడగదు.

కలిసి మాట్లాడుకోండి

1. జోనంగి గుణాలు మూడు చెప్పండి. మీ ఊరి కుక్కల్లో వాటిలో ఏవైనా ఉన్నాయా?

2. కొల్లేరులో జోనంగి ఎందుకు తగ్గిపోయింది?

3. మీ ఊళ్ళో ఎన్ని కుక్కలు ఉన్నాయి? ఎన్నిటికి టీకా వేయించారు? లెక్క రాయండి.

4. మొదటి సూది ఆగస్టు 10న వేశారు. 3, 7, 28 రోజుల తరవాత వేసే సూదులు ఏ తేదీల్లో వస్తాయి? రాసి చూడండి.